గుంతల చందమామ

చంద్రుడి మీది గుంతలు పున్నమినాడు కనబడవు. ఈ మాట ప్రతి ఏడూ ఎనిమిదో తరగతి పిల్లలకు చెబుతాను. ప్రతి ఏడూ వాళ్లు నమ్మరు. నిండు చంద్రుడు, నిండా వెలుతురు, అప్పుడే కదా మేడం బాగా కనబడాల్సింది అంటారు. వెలుతురు నేరుగా మీద పడితే నీడ ఉండదు, నీడ లేకపోతే గుంతకూ మెరకకూ తేడా తెలియదు అంటాను. అష్టమినాడు చూడాలి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూడాలి. అక్కడ ఒక్కో గుంత దాని గట్టుతో సహా, గట్టు నీడతో సహా, చేత్తో తడిమి చూడొచ్చేమో అన్నంత స్పష్టంగా ఉంటుంది.

నేను మైదుకూరు దగ్గర ఒక పల్లె హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మా బడికి ఒక చిన్న టెలిస్కోపు ఉంది. నేను చేరేటప్పటికి అది అట్టపెట్టెలో ఉంది, అట్టపెట్టె బీరువా మీద ఉంది, ఆ బీరువా ఉన్న గదికి తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. హెడ్మాస్టరుతో గొడవపడి తాళం పగలగొట్టించి దాన్ని కిందికి దించాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని బడిలో పేరు. ఆ పేరు వల్ల కొన్ని పనులు తొందరగా అవుతాయి.

గుంతలు ఎలా పడ్డాయో చూపించడానికి నాకొక పద్ధతి ఉంది. మా ఆయన కడప బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆయనతో ఒక గోతాం నిండా బండల పొడి తెప్పిస్తాను. దాన్ని పెద్ద పళ్లెంలో మందంగా పరిచి, పిల్లల చేత పైనుంచి గులకరాళ్లు వేయిస్తాను. రాయి పడ్డచోట గుంత, గుంత చుట్టూ గట్టు, గట్టు బయట చిమ్మిన పొడి చారలు. అచ్చం పైన ఉన్నట్టే ఉంటుంది. అక్కడా ఇంతే, ఆకాశంలో నుంచి రాళ్లొచ్చి కొట్టాయి అని చెబుతాను. మన భూమినీ కొట్టాయి, మనకు గాలీ వానా ఉన్నాయి కాబట్టి ఆ దెబ్బలు చాలావరకు మాసిపోయాయి, అక్కడ గాలీ లేదు వానా లేదు, తగిలిన దెబ్బ తగిలినట్టే ఉండిపోతుంది అని చెబుతాను. నల్లగా కనబడే మచ్చలకు పాతకాలం వాళ్లు సముద్రాలని పేరు పెట్టారని, వాటిలో చుక్క నీళ్లు లేవని చెప్పినప్పుడు ఒక పిల్ల లేచి, "మన చెరువు మాదిరే మేడం" అంది. ఆ రోజు క్లాసంతా నవ్వలేక చచ్చాం. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. అయిదో నెల.

ఆ నెల్లోనే, కార్తీక పౌర్ణమినాడు, గ్రహణం వచ్చింది.

మా అత్త గ్రహణాలను ఊరికే వదిలే మనిషి కాదు. మామ పోయాక ఇంట్లో ఆమె మాటే మాట. గ్రహణం అంటే చాలు, ఊరగాయ జాడీల మీదా నీళ్ల బిందెల మీదా గరిక వేస్తుంది, పొయ్యి ముట్టించనివ్వదు. మా వీధిలో కడుపుతో ఉన్న ఆడపిల్ల ఎవరున్నా పోయి, తలుపులు మూయించి, వెల్లకిలా పడుకోబెట్టి వస్తుంది. కత్తి పట్టకూడదు, గోక్కోకూడదు, పక్కకు ఒత్తిగిల్లకూడదు. కడుపుతో ఉన్నది గ్రహణం చూస్తే బిడ్డ పెదవి చీలి పుడుతుందని, దాన్నే గ్రహణం మొర్రి అంటారని మా వైపు చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. నేను సెలవు పెట్టేది లేదని, ఆ సాయంత్రం పిల్లలకు టెలిస్కోపులో గ్రహణం చూపించి తీరుతానని ముందు రోజు నుంచే గొడవకు సిద్ధమై ఉన్నాను.

ఆ గొడవ జరగలేదు. ఆ గ్రహణం మధ్యాహ్నం పట్టేది. పట్టు మధ్యాహ్నం, విడుపు సాయంత్రం పొద్దుగుంకినాక అని టీవీలో పంతులు చెబుతుంటే అత్త కూర్చుని విన్నది. తనలో తను లెక్క వేసుకుంది. మధ్యాహ్నం ఆకాశంలో చంద్రుడే ఉండడు. లేని చంద్రుడికి గ్రహణమేమిటి?

"పట్టపగలు చంద్రుడు యాడుండాడు? అది మనకు పట్టేది కాదులే. ఏ దేశానికో పడ్తాది. నువ్వు బడికి పో మే" అని తనే తలుపు తీసింది. కత్తి దూద్దామని పోతే ఎదుటివాడు దండం పెట్టినట్టయింది నాకు.

సాయంత్రం పిల్లల్ని బడి మిద్దె మీదికి ఎక్కించాను. తూర్పున కొండల వెనక నుంచి చంద్రుడు లేచాడు. లేవడమే పైభాగం లేకుండా లేచాడు, ఎవరో కొరికి వదిలేసిన రొట్టెలాగా. పిల్లలు ఒకటే కేకలు. వరసగా వచ్చి, భూమి నీడ ఆ తెల్లటి నేల మీద నుంచి మెల్లగా జరిగిపోవడం చూశారు. అది మన నీడ, మనం నిలబడ్డ ఈ నేల నీడ, రాహువూ కాదు పామూ కాదు అని గొంతు చించుకుని చెప్పాను. అందరి తర్వాత నేను చూశాను. చాలాసేపు చూశాను. కడుపులో బిడ్డ కదిలింది. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

ఇంటికొచ్చేసరికి అత్త గడపలో నిలబడి ఉంది. చంద్రుడు గ్రహణంతోనే లేవడం ఆమె కూడా వీధిలో నుంచి చూసింది.

"చూస్తివా?" అంది.

"చూశాను."

ఆమె నన్ను గడప బయటే ఆపింది. నెత్తిన నీళ్లు పోసి లోపలికి తీసుకుపోయింది.

బిడ్డ ఎండలు ముదరకముందే పుట్టింది. మా అమ్మ లేదు కాబట్టి కాన్పు అత్తగారింటి నుంచే జరిగింది. ఆయా బిడ్డను తుడిచి ఎత్తుకుని, ఎవరితో అన్నట్టు కాకుండా, "అయ్యో, గ్రహణం మొర్రి" అంది. నా బిడ్డ ముఖం చూడకముందే నేను విన్న మాట అది. తర్వాత చూపించారు. పై పెదవి చీలి ముక్కు దాకా పోయింది. ఏడవడానికి నోరు తెరిస్తే లోపల అంగిలి కూడా చీలి ఉంది. పైభాగమే ఎందుకు అన్నది నాకొచ్చిన మొదటి ఆలోచన. మొర్రి వచ్చేది పై పెదవికే. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ క్షణంలో నాకు కనబడింది బడి మిద్దె మీద చూసిన చంద్రుడే.

అత్త తలుపు దగ్గర నుంచి చూసింది. పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంటుందనుకున్నాను. ఆమె వెనక్కి అడుగులు వేసి, రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. బిడ్డ ముఖం ఆమెకు అసహ్యమైందని నేను అనుకున్నాను.

పిల్లల డాక్టరమ్మ విషయం దాచకుండా చెప్పింది. ఇది ఆపరేషన్‌తో బాగవుతుంది, కర్నూలులో చేస్తారు, ముందు పెదవి కుడతారు, ఏడాది దాటాక అంగిలి. కానీ మత్తుమందు తట్టుకోవాలంటే బిడ్డ అయిదు కిలోల బరువుకు రావాలి. పుట్టినప్పుడు రెండున్నర ఉంది. "ఆపరేషన్ మేం చూసుకుంటాం. బరువు మీరు చూసుకోవాలి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూసుకోండి, పోతే కష్టం" అంది. ఆ కష్టం అంటే ఏమిటో నేను అడగలేదు.

బిడ్డ పాలు చీకలేదు. పెదవులు మూసుకుంటేనే నోట్లో గాలి తగ్గుతుంది, గాలి తగ్గితేనే పాలు లోపలికి వస్తాయి. గాలి పీడనమని, గొట్టంతో నీళ్లు తాగడమని ఇదే సంగతి నేను బడిలో పాఠంగా చెబుతాను. ఆ పాఠం ఇప్పుడు నా ఒళ్లో పడుకుని ఆకలికి ఏడుస్తోంది. పాలు పిండి సీసాలో పోసి పట్టాను. సీసా తీసేసి చెంచాతో పట్టాను. నోట్లో పోసినవి ముక్కులోంచి వచ్చేవి. ముక్కులోంచి రాకుండా పోస్తే పొలమారేది. నాలుగు చెంచాలు లోపలికి పోయేసరికి ఇద్దరమూ చెమటతో తడిసిపోయేవాళ్లం, అంతలో అంతా కక్కేసేది. మళ్లీ మొదలు. మా ఆయన పొద్దున్నే కడప బస్సెక్కితే పొద్దుగుంకాక ఒళ్లంతా బండల పొడితో వచ్చేవాడు. స్నానం చేసి బిడ్డను ఎత్తుకుంటే ఎత్తుకున్నచోటే కునికిపాట్లు పడేవాడు. అత్తను సాయం అడుగుదామంటే, "అమ్మకు భయం, వదిలేయ్" అనేవాడు. భయమట. నాకు ఒళ్లు మండిపోయేది.

చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు పండ్లు పెట్టి, బిడ్డ మీది గుడ్డ కొంచెం తొలగించి చూసి, మళ్లీ కప్పేవాళ్లు. తర్వాత అందరూ అదే ప్రశ్న. "గ్రహణంనాడు యాడికన్నా పోయింటివామ్మే?"

"పోయాను. చూశాను. కళ్లార్పకుండా చూశాను" అనేదాన్ని. "పెదవి రెండో నెలలోనే అతుక్కోవాలి. నేను చూసింది అయిదో నెలలో. ఎవరినైనా చదువుకున్నవాళ్లను అడిగి తెలుసుకోండి." వీధి చివరిదాకా వినబడేటట్టు అరిచేదాన్ని. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని చీర కొంగు సర్దుకుని లేచిపోయేవాళ్లు. ఆ మాటలు జరుగుతున్నంతసేపూ అత్త వంటింట్లో ఏదో ఒక గిన్నె తోముతూ ఉండేది, తోమిన గిన్నెనే మళ్లీ తోమేది.

నిజం చెప్పాలంటే అరుపంతా పైకే. ఒకరోజు బిడ్డ పడుకున్నాక ఫోన్ తీసుకుని, నాకు రెండో నెల ఉన్నప్పుడు ఎక్కడైనా ఏదైనా గ్రహణం వచ్చిందేమోనని వెతికాను. రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్న తర్వాత, నేనేం చేశానో తెలిసొచ్చి, తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా పళ్లెంలో బండల పొడి పోసి పాఠాలు చెప్పిన మనిషిని. బిడ్డ పుట్టినప్పటి నుంచీ చంద్రుడు ఉన్న వైపు తలెత్తి చూడలేదు.

మే నెల వచ్చింది. మా ఇల్లు బండల కప్పు. పగలంతా కాలిన కప్పు కింద బిడ్డ ఒళ్లు ఎప్పుడు పట్టుకున్నా వెచ్చగానే ఉండేది, జ్వరమో ఎండో తెలిసేది కాదు. ఆసుపత్రిలో తూకం వేస్తే కిందటిసారి కన్నా తగ్గింది. పెరగకపోవడం కాదు, ఉన్నది తరిగింది. డాక్టరమ్మ నా వైపు చూడకుండా మందు రాసింది. బస్సులో బిడ్డ చేయి పట్టుకుని చూశాను. మణికట్టు దగ్గర చర్మం వదులుగా జరుగుతోంది. ఈ బిడ్డ అయిదు కిలోలు కాదు, ఈ బిడ్డ నాకు మిగలదు అని ఆ బస్సులో కూర్చుని నాకు నేను చెప్పుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. చెంచాతో పాలు పడుతున్నాను. ఒక గుక్క లోపలికి పోయి, బిడ్డ దగ్గబోయి దగ్గలేక ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. పెదవులు నీలంగా మారాయి. "అత్తా!" అని కేక పెట్టాను. ఆమె గుమ్మంలోకి వచ్చింది. వచ్చి అక్కడే నిలబడిపోయింది, చేతులు కొంగులో. నేను బిడ్డను బోర్లా తిప్పి ముంజేతి మీద వేసుకుని వీపు మీద తట్టాను. తట్టాను, తట్టాను. ముక్కులోంచి పాలు కారి, కొంచెంసేపటికి సన్నగా ఏడుపు వచ్చింది.

బిడ్డ ఏడుపు నిలదొక్కుకున్నాక నేను అత్త మీదికి ఒంటికాలి మీద లేచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. బిడ్డ చస్తే నీకు నిమ్మళమా అన్నాను. ఈ ముఖం నీ ఇంట్లో ఉండకూడదనే కదా అన్నాను. నీ కొడుకు బిడ్డ కదా, ఒక్కసారి, ఒక్కసారి ఆ చేతులు చాస్తే అరిగిపోతాయా అన్నాను.

ఆమె గుమ్మంలోనే గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

"నేను ముట్టుకుంటే ఉండేది గూడా పోతాదేమోనని మే" అంది. "నేనే గదా నిన్ను పంపిస్తి. మనకు పట్టదులే, పో అంటి. వీధిలో ఎంతమందిని మూసిపెడ్తి, నా ఇంటి కోడల్ని మాత్రం నేనే బయటికి తోలితి. ఈ చేత్తోనే తలుపు తీస్తి. ఈ చేత్తో బిడ్డనెట్ల ఎత్తుకునేది చెప్పు?"

కొంగులోంచి చేతులు బయటికి తీసి నాకు చూపించింది. ఇన్ని వారాలుగా ఆమె దాచుకున్నది అవే. అసహ్యమనుకున్నాను, పంతమనుకున్నాను, ఎన్ని రాత్రులు ఆమెను మనసులో తిట్టుకున్నాను. ఆమె నా పక్క గదిలోనే పడుకుని తనను తాను నాకన్నా ఎక్కువ తిట్టుకుంటోంది.

బిడ్డను భుజాన వేసుకుని ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. చెప్పాను. ఈసారి గొంతు పెంచలేదు. కడుపులో బిడ్డ ముఖం మొదట ముక్కలుగా ఉంటుందత్తా, రెండు పక్కల నుంచీ జరిగి వచ్చి మధ్యలో కలుసుకుంటుంది, నువ్వు రవిక కుట్టేటప్పుడు రెండు అంచులు తెచ్చి కలిపినట్టు అన్నాను. అది రెండో నెలలోనే అయిపోతుంది. మన బిడ్డకు ఆ అంచులు కలవలేదు. ఎందుకు కలవలేదో డాక్టర్లకూ తెలియదు. నువ్వు తలుపు తీసేనాటికే, నేను చంద్రుణ్ణి చూసేనాటికే, అది జరిగి నెలలయింది.

ఆ మాట నోటితో అన్నాకే దాని అర్థం నాకు తగిలింది. బడి మిద్దె మీద, కడుపులో బిడ్డ కదిలి నేను అంత సంతోషపడ్డ ఆ క్షణానికే నా బిడ్డ పెదవి చీలి ఉంది. వీధి వీధంతా అరిచి చెప్పిన నిజమే అది. అందరినీ కొట్టడానికి వాడానే కానీ నేను దాన్ని ఎన్నడూ విననే లేదు. ఎవరి తప్పూ కాదంటే ఇక దేన్ని పట్టుకుని ఏడవాలి? ఆ మధ్యాహ్నం ఆ గుమ్మంలో నేను ఏడ్చినంత, మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

అత్త నా ఏడుపు తగ్గేదాకా ఆగింది.

"నిజమేనా? నా మనసు కోసరం చెప్తాండావా?"

"నిజం అత్తా."

"మల్ల ఇన్నినాళ్లూ నాకు చెప్పకపోతివే."

"వచ్చినవాళ్లందరికీ చెప్పాను కదా, నువ్వు వింటూనే ఉన్నావు కదా."

"అరిస్తివి. చెప్పలా" అంది.

ఆమె నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. లేచి లోపలికి పోయి, ట్రంకుపెట్టెలోంచి మా ఆయన చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె తీసింది. నల్లగా ఉంది. చింతపండుతో తోమి, నీళ్లలో మరగబెట్టింది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుని, చేతులు నా వైపు చాచింది. బిడ్డను ఇచ్చాను. నిటారుగా ముంజేతి మీద కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నె ముక్కు బిడ్డ బుగ్గ వారకు ఆనించి, ఒక్కో చుక్క వదిలింది. "మింగు. మింగు దొంగదానా. నీ జేజి కంటే మొండిదానివే నువ్వు" అని బిడ్డనూ, దాని నాయనమ్మనైన తననూ కలిపి తిడుతూనే ఉంది.

అదేమీ మంత్రం కాదు. ఆ తర్వాత కూడా పాలు ముక్కులోంచి వచ్చాయి, కక్కింది, జ్వరం వచ్చింది, ఒకసారి కడపకు పరుగెత్తాం. కానీ ఇప్పుడు బిడ్డకు ఒడులు రెండయ్యాయి. ఆమె పాలు పడుతుంటే నేను నిద్రపోయేదాన్ని. తూకం మళ్లీ పైకి జరిగింది, చీమ నడిచినట్టు. వాన పడుతుందో లేదోనని రైతులు మబ్బు వైపు చూసే రోజుల్లో మేమిద్దరం తూకం ముల్లు వైపు చూశాం.

ఆగస్టులో బిడ్డ అయిదు కిలోలు దాటింది. కర్నూలు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మర్నాడు ఆపరేషన్ అనగా సాయంత్రం, ఆసుపత్రి వరండాలో టీవీ ముందు జనం గుమికూడారు. మన నౌక చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగబోతోంది. మా బడి పిల్లలు అక్కడి నుంచి ఫోన్ చేసి, "మేడం, మీరు ల్యాకుండా చూస్తాండాం" అని అరిచారు. నేను బాగుంది బాగుంది అన్నాను. తెర మీద ఆ నేల దగ్గరవుతోంది. గుంతలో గుంత, గుంత గట్టు మీద ఇంకో గుంత. ఆ ధ్రువం దగ్గర కొన్ని గుంతల అడుగున ఎండ ఎన్నడూ పడదు. ఆ సంగతి పిల్లలకు ఎంత హుషారుగా చెప్పేదాన్నో. ఆ సాయంత్రం ఆ గుంతల మీంచి చూపు తిప్పుకున్నాను. రేపు ఈ పాటికి నా బిడ్డ ఉంటుందా అన్నదొక్కటే నా తలలో తిరుగుతోంది.

అత్త బిడ్డను భుజాన వేసుకుని నా పక్కన నిలబడి చూస్తోంది.

"ఇదేనామే చంద్రుడంటే?"

"ఇదే."

"ఇన్ని గుంతలా!" అంది. కాసేపు తేరిపార చూసింది. "ఈ మొగం పెట్టుకొనా అది నా మనవరాలికి వంక పెట్టేది?"

అప్పుడే అందరూ చప్పట్లు కొట్టారు. దిగిందట. బిడ్డ ఉలిక్కిపడి ఏడిస్తే ఆమె అందర్నీ ఒక కసురు కసిరి లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు థియేటర్ తలుపు మూసుకున్నాక నేను ఏ దేవుడికి మొక్కానో నాకే తెలియదు. తెలిసిన అందరికీ మొక్కాను. తలుపు తెరిచి బిడ్డను తెచ్చినప్పుడు, పెదవి కలిసి ఉంది, నల్లటి కుట్లతో, వాపుతో. సంతోషపడాల్సిన చోట నాకు గుండె జారిపోయింది. అది నాకు తెలిసిన ముఖం కాదు. చీలిన పెదవితోనే నవ్వడం నేర్చుకున్న నా బిడ్డ ఆ చెవి నుంచి ఈ చెవి దాకా నవ్వేది. ఆ నవ్వు ఇక కనబడదు. ఆ నవ్వు కోసం కూడా ఏడ్చానని చెబితే ఎవరైనా నవ్వుతారని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఏడాది దాటాక అంగిలి కూడా కుట్టారు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి ముక్కులోంచి వచ్చాయి. కొత్తవాళ్లకు అర్థం కావు. మాకు అర్థమవుతాయి. పెదవి మీద ఒక గీత ఉండిపోయింది, ఉంటుంది. ఈ మధ్య పక్కింటి పిల్లలు, "నీ మూతికి ఏమాయ?" అని అడగడం మొదలుపెట్టారు. వాళ్ల మోకాళ్ల మీద ఉన్న గాయాల మచ్చలు చూసి దీనికీ ఆ మాటే పట్టుబడింది. "దెబ్బ" అంటుంది. "ఎవరు కొట్టిరి?" అని వాళ్లు అడుగుతారు. దానికి మాత్రం జవాబు తెలియదు. ఒకరోజు ఆటలోంచి పరుగెత్తుకొచ్చి నన్ను అడిగింది, తనను ఎవరు కొట్టారని. ఇన్నేళ్లుగా ఊరందరి ప్రశ్నలకూ నోరు పారేసుకున్నదాన్ని, నా రెండున్నరేళ్ల బిడ్డకు జవాబు చెప్పలేక ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాను.

మొన్న అష్టమినాడు బడి టెలిస్కోపు ఇంటికి తెచ్చాను. గ్రహణం తర్వాత నేను దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. పొద్దుగుంకాక మిద్దె మీద నిలబెట్టి, వెలుగూ చీకటీ కలిసే గీత మీదికి తిప్పాను. అత్త మనవరాలిని చంకనెత్తుకుని దాని కన్ను గాజుకు ఆనించింది. బిడ్డ చాలాసేపు కదలకుండా చూసింది. తర్వాత తల ఎత్తి, ముక్కులోంచే, మెల్లగా అంది.

"చందమామకు దెబ్బ."

మళ్లీ ఒకసారి గాజులోకి చూసింది. ఈసారి తన జేజి వైపు తిరిగింది.

"ఎవరు కొట్టిరి?"

నా నాలుక చివర జవాబు ఉంది. పళ్లెం, బండల పొడి, గులకరాళ్లు, ఆకాశంలోంచి వచ్చి కొట్టిన రాళ్లు. ఇన్నేళ్లుగా చెబుతున్న పాఠమే. నేను నోరు తెరిచేలోగా అత్త బిడ్డ మూతి మీది గీతను బొటనవేలితో తుడిచింది.

"ఎవరూ కొట్టలా తల్లీ. అట్లనే పుట్టినాడు" అంది.

పరీక్షలో ఏ పిల్లయినా ఈ జవాబు రాస్తే సున్నా వేస్తాను. బిడ్డ నా వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. నిజమేనని తల ఊపి, టెలిస్కోపు కొంచెం జరిపి ఇంకో గుంత చూపించాను.